ఆరున్నొక్కటి

మొదటి రోజు ఫెల్తమ్ మేడమ్ అడిగింది,
వ్యాపారంలో మొట్టమొదటి మాట ఏదని.
కస్టమర్ అన్నారొకరు. పెట్టుబడి అన్నారొకరు.
వెనక వరసలోంచి లాగోస్ కుర్రాడు "అప్పు" అనేసరికి
క్లాసంతా నవ్వింది.
నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది, లాభం.

తాడేపల్లిగూడెం మిల్లులో మా మేనమామ
వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనేవాడు కాదు.
లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు,
ఆరున్నొక్కటి.
ఎనిమిది దగ్గర మళ్లీ మామూలు లెక్కలో పడేవాడు.
ఆ మధ్య అంకె పలికితే బస్తా ఏడుస్తుందట.
దీన్ని ఇంగ్లీషులోకి ఎలా దించను,
ఏ స్లయిడ్ మీద పెట్టను?
ఊరుకున్నాను.

స్టోక్-ఆన్-ట్రెంట్. కప్పుల ఊరు.
సీసాల్లా నిలబడ్డ ఇటుక బట్టీలు పొగ మానేసి చాలా ఏళ్లు,
ఇప్పుడు పావురాల కాపురం.
కాలవ పక్కన గది, ముగ్గురం, ఒక్కటే హీటర్.
రాత్రుళ్లు గోడౌన్‌లో పార్సిళ్లు స్కాన్ చేసి
పొద్దున బాలెన్స్ షీట్ మీద, ఆస్తులవైపు చెంప ఆనించి,
నిద్రపోయేదాన్ని.

తరుగుదల నేర్పారు,
యంత్రం విలువ ఏటేటా ఎలా కరుగుతుందో.
మునిగిన ఖర్చు నేర్పారు,
పోయినదాన్ని తలచుకుని రేపటి నిర్ణయం తీసుకోకూడదని.
పరీక్షలో రాశాను, డెబ్బై రెండు వచ్చాయి.
నా ఫీజు ఏ ఖాతాలోకి వస్తుందో
ఎవరూ అడగలేదు, నేనూ రాయలేదు.

ప్రాజెక్టుకి కప్పుల ఫ్యాక్టరీకి పంపారు.
"రా డక్" అంది బెవ్.
బాతు అంటుందేమిటని బిక్కచచ్చాను.
ఆ ఊళ్లో అది "అమ్మా" అన్నంత మాటని తర్వాత తెలిసింది.
ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె పని
కప్పుని గోటితో మీటి వినడం.
ఖంగుమంటే మంచిది. బొంగురు పోతే లోపల పగులు.
"కంటికి కనపడదు డక్, విను."
విన్నాను.
నేను రెండు పట్టుకున్న ట్రేలో ఆమె ఐదు పట్టుకుంది.

పట్టా ఇచ్చిన రోజు టోపీ వదులైంది,
ఒక చేత్తో పట్టుకునే ఫొటో దిగాను.
ఉద్యోగం వచ్చింది. అదే ఫ్యాక్టరీ.
ప్రాసెస్ ఇంప్రూవ్‌మెంట్ ఎనలిస్ట్.
మామకి ఫోన్ చేసి చెప్తే
"అంటే ఏం చేస్తావు?" అన్నాడు.
"పని తేలిక చేస్తా."
"ఎవరికి?"
సిగ్నల్ సరిగా లేదన్నాను.

నవంబరులో జర్మనీ నుంచి కెమెరా వచ్చింది.
నిమిషానికి అరవై కప్పులు చూస్తుంది.
వినదు.
క్లైవ్ నా బల్ల పక్కన
చేతిలో కాఫీ చల్లారేదాకా నిలబడి,
"శుక్రవారంలోగా ఎన్ని పోస్టులో ఒక్క అంకె చాలు" అన్నాడు.
పేర్లు వద్దన్నాడు.
మంచివాడే. పేర్లు వద్దన్నాడు.

తలుపు వేసుకుని కొలవడం మొదలుపెట్టాను.
లాభం, బట్టీ దగ్గర ట్రెవర్.
రెండు, మూడు, గ్లేజింగ్‌లో అక్కాచెల్లెళ్లు,
ఒకరి టిఫిన్ డబ్బా ఒకరు మార్చుకుంటుంటారు.
నాలుగు, ఎంత ప్రయత్నించినా నాకు పేరు పలకని పోలండు ఆయన.
ఐదు.
ఆరు, ఈస్టర్‌కి పెళ్లి పెట్టుకున్న పిల్లాడు.
తర్వాత బెవ్.

గడిలో ఆరు ప్లస్ ఒకటి అని కొట్టాను.
వేలు ఎంటర్ మీద ఆనించి
కాసేపు అలాగే ఉండనిచ్చాను.
బయట ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి పోతూ కూస్తోంది.
నొక్కాను.
ఎక్సెల్‌కి మా మామ తెలియదు.
ఏడు, అంది.

నాలుగింటికి క్యాంటీన్‌లో బెవ్ టీ పోసింది,
నాకు రెండు చక్కెరలని ఆమెకి గుర్తే.
కప్పు అందుకుంటూ గోటితో మీటాను,
అలవాటు.
ఆమె కూడా తల పక్కకి వంచింది.
ఇద్దరం విన్నాం.